కారులో పిలకాయలు: తిరుపతి నుంచి హైదరాబాద్ దాకా పేచీ లేకుండా పోవడం ఎట్లా?

తిరుపతి నుంచి హైదరాబాద్‌కి కడప, కర్నూలు మీదుగా సుమారు 560 కిలోమీటర్లు. ఆగుతూ పోతే పది పదకొండు గంటలు పడుతుంది. పెద్దవాళ్ళకే నడుము పట్టేస్తుంది. ఇక మూడేళ్ళ బిడ్డకి పది గంటలంటే ఏం తెలుస్తుంది? గంటంటేనే తెలియదు. ‘ఇంకా నాలుగొందల కిలోమీటర్లుంది నాన్నా’ అన్నా ఒకటే, ‘ఎల్లుండికి చేరతాం’ అన్నా ఒకటే. అందుకే రేణిగుంట దాటకముందే ‘వచ్చేసిందా?’ మొదలవుతుంది.

ఈ సంగతి ఎవర్నడిగినా బొమ్మలు కొనమంటారు, రంగు పెన్సిళ్ళు కొనమంటారు. కొనండి, తప్పులేదు. కానీ దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. దారిని ముక్కలు చేయాలి. గంటలుగా, కిలోమీటర్లుగా చేస్తే లాభం లేదు. ‘ఏటి వంతెన వచ్చేదాకా’, ‘పెద్ద విగ్రహం కనిపించేదాకా’ అని పిలకాయల కంటికి ఆనేట్టు చేయాలి. అది కుదిరితే ఆటలు, తిండి, నిద్ర, ఫోను దేని చోటులో అది పడతాయి. కుదరకపోతే సంచినిండా బొమ్మలున్నా రాజంపేటకల్లా అన్నీ సీటు కింద ఉంటాయి.

ఇక్కడ చెప్పేదంతా రెండేళ్ళ నుంచి ఏడెనిమిదేళ్ళ పిల్లల కోసం. హైదరాబాద్ దారినే ఉదాహరణగా తీసుకున్నాను, మనవాళ్ళు పిల్లల్తో పోయే దూరాల్లో అదే పెద్దది కాబట్టి. బెంగళూరు, చెన్నై పొయ్యేవాళ్ళకి కావాల్సిన ముక్కలు మధ్యలో వస్తాయి.

1. ముందు ఎవరెక్కడ కూర్చోవాలో తేల్చండి

ఆటల గురించి చెబుతానని సీట్ల దగ్గర మొదలుపెట్టానేమిటని అనుకోవద్దు. కారులో సగం పేచీలు కూర్చున్న చోటు వల్లే వస్తాయి.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి సీటు బెల్టు గానీ వాళ్ళ వయసుకి తగిన చైల్డ్ సీటు గానీ తప్పనిసరి. లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా సంగతి అటుంచండి. ‘ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాలే, గట్టిగా పట్టుకుంటా’ అని అవ్వలు అంటారు. ఎనభై స్పీడులో సడన్ బ్రేకు పడితే ఎంత గట్టి చేతులైనా బిడ్డని ఆపలేవు. ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకోవడం మరీ ప్రమాదం. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే ఆ దెబ్బంతా బిడ్డకే తగులుతుంది.

చైల్డ్ సీటుతో ఇంకో లాభముంది. బిడ్డ ఎత్తులో కూర్చుంటుంది, కిటికీలోంచి బయట కనిపిస్తుంది. మామూలు సీట్లో కూర్చున్న మూడేళ్ళ పిల్లకి కనిపించేది ముందు సీటు వెనకభాగం, కాస్త ఆకాశం. దానికి విసుగు పుట్టక ఏం పుడుతుంది?

సీటు అలవాటు లేని బిడ్డని ప్రయాణం రోజే మొదటిసారి అందులో కట్టేస్తే కడప దాకా ఏడుపే. వారం ముందే తెచ్చి ఇంట్లో నేలమీద పెట్టండి. దాంట్లో కూర్చుని పాలు తాగనివ్వండి. తర్వాత కారులో బిగించి తిరుచానూరు దాకానో చంద్రగిరి కోట దాకానో ఒకసారి తిప్పుకొని రండి.

మనం పొయ్యేది ఉత్తరానికి. పొద్దున ఎండ కుడివైపు కిటికీలో కొడుతుంది, మధ్యాహ్నం దాటాక ఎడమవైపుకి మారుతుంది. చిన్నబిడ్డని పొద్దున ఎడమవైపు కూర్చోబెట్టి, మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు అటుది ఇటు మార్చండి. ఇద్దరు పిల్లలుండి ఎప్పుడూ కొట్టుకునేవాళ్ళయితే మధ్యలో అవ్వో అత్తో కూర్చోవాలి. వెనక తలుపులకి చైల్డ్ లాక్, అద్దాలకి లాక్ బయల్దేరకముందే వేయండి.

2. దారి పటం గీయండి

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టుకొని చేయాల్సిన పని ఇది. పాత క్యాలెండర్ కాగితాలు రెండు మూడు తీసుకొని, పొడుగ్గా కత్తిరించి, జిగురుతో అతికించండి. ఒక కొనలో మన ఇల్లు, వెనక ఏడుకొండలు. ఇంకో కొనలో మామ ఇల్లో బాబాయి ఇల్లో. మధ్యలో ఒక గీత, ఆ గీతమీద గుర్తులు. బొమ్మలు పిల్లలే వేయాలి. వంకరగా ఉన్నా మీరు దిద్దొద్దు.

గుర్తులు ఏవి పెట్టాలి? వరసగా చెబుతాను.

మొదటిది రైలు. రేణిగుంట నుంచి కడప దాకా రైలుపట్టాలు మన రోడ్డుకి తోడుగానే వస్తాయి. కోడూరు, రాజంపేట, నందలూరు, ఒంటిమిట్ట, అన్నీ ఆ లైనులో స్టేషన్లే. చెన్నై నుంచి ముంబై వైపు పొయ్యే ప్రధాన మార్గం కాబట్టి బండ్లు తిరుగుతూనే ఉంటాయి. ప్యాసింజరు బండి కనిపిస్తే చేతులూపడం, గూడ్సు కనిపిస్తే వ్యాగన్లు లెక్కపెట్టడం. నాలుగేళ్ళ పిల్లాడికి ఇరవై దాకా లెక్క ఇక్కడే వచ్చేస్తుంది. లెక్క తప్పితే ఇంకో గూడ్సు రాకపోదు.

ఈలోగా మామండూరు, బాలపల్లి వైపు శేషాచలం అడవి వస్తుంది. ఎర్రచందనం చెట్లకి పుట్టినిల్లు ఇది, ప్రపంచంలో మన తూర్పుకనుమల దిగువ భాగంలో తప్ప సహజంగా పెరగవు. ‘పుష్ప అడవి’ అని చెబితే పిల్లలకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. కోతులుంటాయి. అద్దాలు దించొద్దు, ఏమీ విసరొద్దు. రోడ్డుపక్కన తిండికి అలవాటుపడిన కోతులు బండ్ల కింద పడుతున్నాయి.

రెండో గుర్తు అన్నమయ్య. రాజంపేట దగ్గర రోడ్డుపక్కనే 108 అడుగుల విగ్రహం. ఆయన పుట్టిన తాళ్ళపాక ఆ పక్కనే. ‘ముందు ఎవరికి కనిపిస్తాడో వాళ్ళదే గెలుపు’ అని కోడూరు దాటగానే పందెం వేయండి. దూరంనుంచే కనిపిస్తాడు కాబట్టి చివరి పది నిమిషాలు కారులో ఎవరూ మాట్లాడరు.

మూడోది నందలూరు దగ్గర చెయ్యేరు. ఈ దారిలో పెద్ద ఏర్లు నాలుగు చెప్పుకోవచ్చు: చెయ్యేరు, కడప దాటాక చెన్నూరు దగ్గర పెన్న, కర్నూల్లో తుంగభద్ర, బీచుపల్లిలో కృష్ణ. పటం మీద నాలుగు నీలం గీతలు గీయించండి. వంతెన ఎక్కిన ప్రతిసారీ ఆ ఏటిని పేరు పెట్టి పిలుస్తూ ‘హలో పెన్నా!’ అని గట్టిగా అరవనివ్వండి. అరవడానికి పెద్దవాళ్ళు ఒప్పుకునే చోటంటూ ఒకటుంటే మిగతా దారిలో గోల తగ్గుతుంది. ‘నీళ్ళున్నాయా, ఇసకే ఉందా?’ అనే పందెం కూడా వేసుకోవచ్చు. చెయ్యేరు విషయంలో మనవాళ్ళు ఇసకమీదే పందెం కాస్తారు.

నాలుగోది ఒంటిమిట్ట కోదండరామాలయం, కడపకి ఇవతల. ఇక్కడ తప్పకుండా దిగాలని నా సలహా. గుడి పెద్దది, ఆవరణ విశాలంగా ఉంటుంది, పిలకాయలు పరుగెత్తవచ్చు. పైగా ఇక్కడొక చిక్కుప్రశ్న తయారుగా ఉంది. గర్భగుడిలో రాముడు, సీత, లక్ష్మణుడు ఒకే రాతిలో చెక్కి ఉంటారు. హనుమంతుడు మాత్రం ఉండడు. ‘హనుమంతుడు ఎక్కడికి పోయాడో కనుక్కోండి’ అని లోపలికి పోకముందే చెప్పండి. రాముడు హనుమంతుణ్ణి కలవకముందే వెలసిన గుడి అని స్థలపురాణం. గుడికి ఎదురుగా సంజీవరాయస్వామిగా ఆయనకి వేరే గుడి ఉంది. పిల్లలు వెతికి పట్టుకున్నాక వాళ్ళ ముఖం చూడాలి.

కడప దాటాక మైదుకూరు, చాగలమర్రి, ఆళ్ళగడ్డ. ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకి పేరున్న ఊరు, ఆ శిల్పాలకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. సగం చెక్కిన దేవుళ్ళు, నందులు, ఏనుగులు. ‘తల లేని బొమ్మలు ఎన్ని? ముక్కు లేనివి ఎన్ని?’ అని అడగండి. నంద్యాల, పాణ్యం దాటితే కర్నూలుకి ముందు ఓర్వకల్లు రాతివనం. రకరకాల ఆకారాల్లో బండలు, మధ్యలో నీళ్ళు. ఎండ లేని వేళ అయితే అరగంట ఆగొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మాత్రం కారు దిగొద్దు. ఆ బండలు కాలతాయి.

కర్నూల్లో తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. ‘రాష్ట్రం మారాం’ అనే మాట పిల్లలకి పెద్ద సంగతి. పటం మీద అక్కడ అడ్డగీత గీయించి, వంతెన దిగగానే ఒక చాక్లెట్ ఇవ్వండి. తర్వాత బీచుపల్లి, అక్కడినుంచి జడ్చర్ల, షాద్‌నగర్. ఈ ముక్క బోసిగా ఉంటుంది, పటంలో గుర్తులు తక్కువ. నిద్ర ఇక్కడ పడేట్టు చూసుకుంటే మంచిది.

పటం పిల్లల చేతిలోనే ఉండాలి. ఒక్కో గుర్తు దాటగానే దానిమీద బొట్టుబిళ్ళ అతికించమనండి. ‘వచ్చేసిందా?’ అని అడిగితే మీరు జవాబు చెప్పొద్దు. ‘పటం చూడు, ఎన్ని మిగిలాయి?’ అనండి.

చిత్తూరు నుంచి బయల్దేరేవాళ్ళు పీలేరు, రాయచోటి మీదుగా కడప చేరతారు. వాళ్ళ పటంలో గువ్వలచెరువు ఘాట్, అక్కడి పాలకోవా గుర్తులుగా పెట్టుకోవచ్చు. బెంగళూరు పొయ్యేవాళ్ళకి మొత్తం 250 కిలోమీటర్లే. చిత్తూరు చుట్టుపక్కల జూన్, జులై నెలల్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, లెక్కపెట్టడానికి అంతకంటే మంచి వరస దొరకదు. పలమనేరు వైపు కౌండిన్య అడవిలో ఏనుగులు తిరుగుతాయి. ‘ఏనుగు ఏ చెట్టు వెనక ఉందో’ అని పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంటారు. చెన్నై దారిలో పుత్తూరు వస్తుంది. విరిగిన ఎముకలకి కట్టు కట్టే ఊరని చెప్పి, బొమ్మ కాలికి రుమాలుతో ‘పుత్తూరు కట్టు’ కట్టమంటే నగరి దాకా ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ డాక్టర్లే.

3. బయల్దేరే వేళ

మన ఇళ్ళల్లో ‘తెల్లారగట్ల మూడుకే బయల్దేరదాం, పిల్లలు నిద్రలో ఉంటారు’ అనేవాళ్ళు ఒకరుంటారు. బండి నడిపేవాళ్ళకి కూడా నిద్ర కావాలి కదా? నా ఓటు ఐదింటికి. పిల్లల్ని నిద్రలోనే ఎత్తుకొచ్చి సీట్లో కట్టి పైన దుప్పటి కప్పండి. రాజంపేట చేరేవేళకి లేస్తారు. ముఖం కడిగించి, అన్నమయ్యని చూపించి, టిఫిను పెడితే అసలు ప్రయాణం అక్కడ మొదలవుతుంది. అడవి ముక్క నిద్రలో పోతుందని బాధ వద్దు, అది తిరుగుప్రయాణంలో వస్తుంది.

మధ్యాహ్నం నిద్ర మామూలుగా ఏ వేళకి పోతారో ఆ వేళకి ముందే కడుపునిండా తిండి పెట్టి, కాసేపు పరుగెత్తించి, ఎక్కించగానే పాటలు ఆపేయాలి. ఆ నిద్రలో ఉన్నప్పుడు కాఫీ కోసం బండి ఆపకండి. ఆగిన కారులో ఏ బిడ్డా నిద్రపోదు.

4. సంచి

క్లుప్తంగా చెబుతాను. తడి తుడుపుకాగితాలు, పాత తువ్వాళ్ళు రెండు, ఒక్కొక్కరికి రెండు జతల బట్టలు, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, పాలిథిన్ కవర్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, థర్మామీటర్, డాక్టరు రాసిన జ్వరం మందు. ఇవి డిక్కీలో కాదు, ముందు సీటు కాళ్ళ దగ్గర.

బొమ్మల విషయానికొస్తే కొత్తవి కొననక్కర్లేదు. నెల ముందు నాలుగు పాత బొమ్మలు అటకెక్కించండి, మరిచిపోతారు. వాటిని న్యూస్‌పేపర్లో చుట్టి దారం కట్టండి. విప్పడమే పది నిమిషాల ఆట. ఒక్కో ముక్కకి ఒక్క పొట్లం, అంతకుమించి ఇవ్వొద్దు. మైనపు క్రేయాన్లు ఎండకి కరిగి సీటుకి అంటుకుంటాయి, రంగు పెన్సిళ్ళు మేలు. చిన్న గోళీలు, పూసలు, అయస్కాంతాలు వద్దు. చప్పుడు చేసే బొమ్మలు ఇంట్లోనే పెట్టండి. ఎందుకో మీకు తెలుసు.

5. ఆటలు

చేతులు ఖాళీగా, కళ్ళు బయట, నోరు పనిలో. కారు ఆటకి ఇంతకంటే సూత్రం లేదు. కింద పడే వస్తువుండే ఏ ఆటైనా కారులో ఐదు నిమిషాలే సాగుతుంది.

మూడేళ్ళ లోపు వాళ్ళకి ‘కాకి ఎగిరె’. ‘కాకి ఎగిరె, చిలక ఎగిరె, బర్రె ఎగిరె!’ అని చెబుతుంటే ఎగిరేదానికి మాత్రమే చేతులెత్తాలి. బర్రెకి చేతులెత్తినవాళ్ళని చూసి కారంతా నవ్వుతుంది. మీరూ అప్పుడప్పుడు కావాలని ఓడిపోవాలి. బండి నడిపేవాళ్ళని మాత్రం ఈ ఆటలోకి లాగకండి. రంగులు నేర్చుకునే వయసుకి లారీలు చాలు: ‘నాకు ఎర్ర లారీ, నీకు పచ్చ లారీ, ఎవరివి ఎక్కువ?’

నాలుగైదేళ్ళ వాళ్ళకి మైలురాళ్ళు. జాతీయ రహదారి మీద రాయి తల పసుపు, రాష్ట్ర రహదారి మీద ఆకుపచ్చ, పల్లెరోడ్డు మీద నారింజ. కారు ఏ రోడ్డు మీదుందో పిల్లలే చెబుతారు, ఆ గొప్ప వాళ్ళకి చాలాసేపు నిలుస్తుంది. నంబరు ప్లేట్లలోనూ రంగులున్నాయి: సొంత బండికి తెలుపు, బాడుగ బండికి పసుపు, కరెంటు బండికి ఆకుపచ్చ. ఆకుపచ్చకి ఐదు మార్కులు పెట్టండి.

చదవడం వచ్చినవాళ్ళయితే ప్లేట్లమీద అక్షరాలే ఒక ఆట. పాత బండ్లలో ఏపీ 03 చిత్తూరుది, 04 కడపది, 21 కర్నూలుది. 2019లో జిల్లా నంబర్లు పోయి రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 వచ్చాక ఈ సరదా కాస్త తగ్గింది గానీ పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. తుంగభద్ర దాటాక టీఎస్ ప్లేట్లు ఎక్కువా, టీజీ ప్లేట్లు ఎక్కువా అని చూడమనండి. 2024 మార్చి తర్వాత కొన్నవాటికే టీజీ వస్తుంది, అంటే టీజీ ఉంటే కొత్త బండి.

దుకాణాల బోర్డులు ఇంకో గని. అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లకి ‘క ఎక్కడుందో చూపించు, ఇప్పుడు కా, ఇప్పుడు కి’ అని గుణింతం మొత్తం బోర్డులమీదే పూర్తి చేయవచ్చు. బెంగళూరు దారిలో నంగిలి దాటాక కన్నడ బోర్డులు మొదలవుతాయి. తెలుగు వచ్చిన పిల్ల వాటిలో సగం అక్షరాలు పోల్చుకుంటుంది. ‘నాకు కన్నడం వచ్చేసింది’ అని ముళబాగిలు దాకా చెబుతూనే ఉంటుంది.

పొడుపు కథలకి ఆరేళ్ళ వయసు నుంచి రుచి తెలుస్తుంది. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు.’ కనురెప్పలు. ‘పొట్టలో వేలు, నెత్తిమీద రాయి.’ ఉంగరం. ‘తెల్లటి పొలంలో నల్లటి విత్తనాలు, చేత్తో చల్లాలి, నోటితో ఏరాలి.’ రాసిన కాగితం. జవాబు వెంటనే చెప్పేయొద్దు, తర్వాతి గుర్తు వచ్చేదాకా ఆలోచించనివ్వండి. అవ్వాతాతలు వెంట ఉంటే వాళ్ళకి ఈ పని అప్పగించండి, మీకు తెలియనివి వాళ్ళ దగ్గర చాలా ఉంటాయి. కవ్వం, పిడక, రోలు జవాబుగా వచ్చే పొడుపు కథలు మాత్రం ఈ కాలం పిల్లలకి కష్టం. వాళ్ళు వాటిని చూడాలి కదా, విప్పడానికి. చివరికి జవాబు చెప్పి, అదేమిటో అవ్వ వివరించడం మొదలుపెడితే ఇంకో పావుగంట గడుస్తుంది.

మాటల అంత్యాక్షరి: ఒకరు ‘మామిడి’ అంటే తర్వాతివాళ్ళు ‘డ’తో ‘డప్పు’. తెలుగులో ణ, ళలతో మొదలయ్యే మాటలు దొరకవు. అవి వస్తే దానిముందు అక్షరం తీసుకోవాలని మొదటే ఒప్పందం చేసుకోండి, లేకపోతే ‘కోళ్ళ’ దగ్గర యుద్ధం ఖాయం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది గొలుసు కథ. ‘తిరుమల కొండమీద ఒక కోతి లడ్డు ఎత్తుకొని మన కారు పైకెక్కింది’ అని మీరు మొదలుపెడితే ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం కలుపుతూ పోవాలి. బయట కనిపించేది కథలోకి రావాలనేది ఒక్కటే షరతు. టోల్‌గేటు వస్తే కోతి ఫాస్టాగ్ కోసం వెతకాలి. ఏరు వస్తే ఈదాలి. కర్నూలు చేరేవేళకి కోతికి పెళ్ళయి ఇద్దరు పిల్లలుంటారు.

‘ఎవరు ఎక్కువసేపు మాట్లాడకుండా ఉంటారు’ అనే ఆట కూడా ఉంది. ఊళ్ళలో ట్రాఫిక్ చిక్కుగా ఉన్నప్పుడు పనికొస్తుంది. సాధారణంగా తాతే ముందు ఓడిపోతాడు.

6. తిండి

కారులో తిండి ఆకలి తీర్చడానికే కాదు, పొద్దుపుచ్చడానికి కూడా. అందుకే కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు. ఇడ్లీలకి నెయ్యి కారప్పొడి పూసి డబ్బాలో పెట్టుకుంటే చేతులు అంటవు, చట్నీ ఒలకదు. చపాతీ చుట్టలు, పులిహోర మధ్యాహ్నం దాకా నిలుస్తాయి. పెరుగన్నం ఎండాకాలంలో పొద్దున్నే తినేయాలి. బొరుగులు మంచివే గానీ ఒలికితే ఏరలేరు, చిన్న గిన్నెలో గుప్పెడేసి ఇవ్వండి. మురుకులు, నిప్పట్లు కాస్త పెద్ద పిల్లలకి.

ఐదేళ్ళ లోపు వాళ్ళకి కదిలే కారులో చెనిక్కాయలు, వేయించిన శనగలు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు ఇవ్వొద్దు. గొంతులో అడ్డం పడితే వెనక్కి తిరిగి చూసేలోపే ఆలస్యమవుతుంది. ద్రాక్ష అయితే నిలువుగా చీల్చి ఇవ్వండి. దాహానికి మంచినీళ్ళే మేలు. జ్యూసు, కూల్‌డ్రింకు తాగించారంటే దాహం తీరదు సరికదా, ప్రతి అరగంటకీ బండి ఆపాల్సొస్తుంది.

7. కారు పడనివాళ్ళు

రెండేళ్ళ లోపు బిడ్డలకి కారు ప్రయాణంలో వాంతులు అరుదు. రెండు నుంచి పన్నెండేళ్ళ మధ్య ఎక్కువ. కారణం ఇది: చెవి లోపలి భాగానికి కదలిక తెలుస్తూ ఉంటుంది. కళ్ళేమో పుస్తకం మీదో ఫోను మీదో ఉండి ‘ఏమీ కదలడం లేదు’ అంటాయి. రెండు కబుర్లూ కలవక మెదడు తికమకపడుతుంది. కాబట్టి మందుకంటే ముందు చేయాల్సింది తల పైకెత్తించి దూరంగా, ముందుకి చూడమనడం. చైల్డ్ సీటు వెనక మధ్యలో బిగించుకునే వీలుంటే ముందు అద్దంలోంచి రోడ్డు కనిపిస్తుంది.

తిరుమల ఘాట్ అయినా గువ్వలచెరువు ఘాట్ అయినా మలుపుల రోడ్డు మీద పుస్తకం, ఫోను, పటం మూడూ మూసేయాలి. అక్కడ గొలుసు కథ, మలుపులు లెక్కపెట్టడం, పాటలు, అంతే. ఎక్కడానికి గంట ముందు కడుపునిండా తిండి పెట్టొద్దు, అట్లాగని ఖాళీ కడుపుతోనూ ఎక్కించొద్దు. ఏసీ గాలి ముఖానికి తగిలేట్టు తిప్పండి, లేదా అద్దం కాస్త దించండి. కారులో ఘాటైన సెంటు, పూల దండ ఉంటే తీసేయండి. నిమ్మకాయ వాసన కొందరికి హాయినిస్తుంది, పోయేదేమీ లేదు. ప్రతిసారీ కక్కే పిల్లలయితే ముందే పిల్లల డాక్టర్ని అడిగి మోతాదు రాయించుకోండి. పెద్దవాళ్ళ మాత్రని సగం విరిచి వేయడం వద్దే వద్దు.

ముఖం పాలిపోయి, ఆవలింతలు వస్తూ, వాగుడుకాయ ఒక్కసారిగా మౌనంగా అయితే, డబ్బా మూత తీసి పట్టుకోండి. బండి ఆపే చోటు చూడండి. తర్వాత తిట్టొద్దు.

8. ఆపడం

రెండు గంటలకొకసారి, పావుగంట. పసిబిడ్డలుంటే ఇంకా ముందే. ఆగినచోట పెద్దవాళ్ళు టీ తాగుతూ పిల్లల్ని కుర్చీలో కూర్చోబెడితే ఆ ఆగడం దండగ. ఇప్పటిదాకా కూర్చునే ఉన్నారు. పరుగు పందెం పెట్టండి, కప్ప గంతులు వేయించండి, చెమ్మచెక్క ఆడించండి. ఒకరు టీ తాగుతుంటే ఒకరు పిల్లల్తో ఉండండి. హైవే పక్కన ఖాళీ జాగాలో ఆపొద్దు, పెద్ద హోటలో పెట్రోలు బంకో చూసుకోండి. దిగగానే చేయి పట్టుకోవాలి, లారీలవాళ్ళకి చిన్నపిల్లలు కనిపించరు. దారిలో బండి ఆగిపోయినా, ప్రమాదం జరిగినా జాతీయ రహదారుల సహాయ నంబరు 1033.

‘రాలేదు’ అన్నా సరే ప్రతి ఆపులోనూ బాత్రూముకి తీసుకుపోవాలి. బండెక్కిన ఐదు నిమిషాలకి వస్తుంది, అది లోకంలో మారని విషయం.

పిల్ల నిద్రపోతోందని కారులో వదిలేసి ‘ఒక్క నిమిషం’ అని లోపలికి పోవద్దు. ఎండలో మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. రాయలసీమ ఎండలో అది ఎక్కడికి చేరుతుందో లెక్కేసుకోండి.

9. ఫోను

ఇవ్వొద్దని అనను. పది గంటల ప్రయాణంలో ఫోనే లేకుండా గడిపామని చెప్పేవాళ్ళ పక్కన అవ్వ ఉండి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం రెండేళ్ళ లోపు బిడ్డలకి తెర అసలు మంచిది కాదు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించకూడదు. ఆ గంటని ఎక్కడ వాడాలన్నదే తెలివి. పొద్దున్నే ఇచ్చేస్తే మిగతా రోజంతా దానికోసమే పేచీ. నా లెక్కలో జడ్చర్ల ముందు ఇవ్వకూడదు.

కావాల్సిన వీడియోలు ముందురోజే దించిపెట్టుకోండి, అడవిలో సిగ్నల్ ఉండదు. చేతికివ్వకుండా ముందు సీటు వెనక కట్టండి, మెడ వంగదు, కడుపులో తిప్పదు. ‘ఎంతసేపు’ అనేది కూడా గుర్తుతోనే చెప్పండి: ‘షాద్‌నగర్ టోల్‌గేటు దాకా’. ఇవ్వకముందే చెప్పాలి. లాక్కునేటప్పుడు చెబితే అది బెదిరింపు అవుతుంది. చూసేకంటే వినేవి మేలు. కథలు ఇంట్లోనే అవ్వ గొంతుతో రికార్డు చేసి పెట్టుకుంటే కళ్ళు బయటే ఉంటాయి.

10. అయినా ఏడిస్తే

ఏడుస్తారు. ముందు ఆకలా, తడా, ఎండా, బెల్టు గుచ్చుకుంటోందా చూడండి. చాలాసార్లు చెప్పు బిగుతుగానే ఉంటుంది, విప్పేస్తే సరి. అవేవీ కాకపోతే కొత్త ఆట మొదలుపెట్టకండి. ఏడుస్తున్న బిడ్డకి పొడుపు కథ చెబితే ఇంకా మండుతుంది. కాస్త నీళ్ళు తాగించి, పక్కవాళ్ళు చేయి పట్టుకొని, అందరూ మౌనంగా ఉండండి. ఏమీ చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చోవడం కూడా పిల్లలకి కావాలి. ప్రతి నిమిషం ఆడించాలని చూసే తల్లిదండ్రులే ముందు అలిసిపోతారు.

బండి నడిపేవాళ్ళు వెనక్కి తిరగకూడదు, వెనక గొడవకి తీర్పు చెప్పకూడదు. తప్పదనుకుంటే బంకులో ఆపి, దిగి, మాట్లాడి, మళ్ళీ ఎక్కండి. బెల్టు విప్పేసిన పిల్ల ఉంటే ‘బెల్టు పడితేనే బండి కదులుతుంది’ అని చెప్పి నిజంగానే ఆగండి. కేకలేయనక్కర్లేదు.

షాద్‌నగర్ దాటాక ట్రాఫిక్ మొదలవుతుంది. పిల్లలు అప్పటికి నలిగిపోయి ఉంటారు, మీరు అంతకంటే ఎక్కువ. ఆ చివరి ముక్కకి శంషాబాద్ విమానాలున్నాయి. విమానాశ్రయం హైవేకి దగ్గరే కాబట్టి దిగేవి, లేచేవి తక్కువ ఎత్తులో కనిపిస్తాయి. ఫోను అక్కడికి ముందే లోపల పెట్టించి, ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టమనండి. ముఖాలు తుడిచి, తల దువ్వి, పటం మీద చివరి బొట్టుబిళ్ళ అతికించేసరికి ఇల్లు వస్తుంది. విప్పని పొట్లాలు రెండుంటే పిల్లలు చూడకుండా డిక్కీ అడుగున పెట్టుకోండి, తిరుగుప్రయాణంలో కర్నూలు దాటాక అవసరం పడతాయి.